నెల్లూరులోనో ఒంగోలులోనో ఉంటూ వెబ్ డెవలపర్ కావాలంటే

డిగ్రీ చేతికి రాగానే అమీర్‌పేట బస్సెక్కడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. హాస్టల్ ఫీజు, కోర్సు ఫీజు, చేతిఖర్చు అన్నీ కలిపి ఇంట్లో వాళ్లు ఏ చీటీయో పాడి సర్దుతారు. ఆరు నెలలు తిరిగేసరికి చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది గానీ, "నేను చేసిన సైటు ఇదిగో" అని చూపించడానికి ఒక్క లింకు కూడా ఉండదు. నేను చెప్పే దారి ఇంకోటి. ముందు మన ఊళ్లోనే, మన వీధిలో ఎవరికైనా పనికొచ్చే సైటు ఒకటి పూర్తిగా కట్టి నెట్‌లో పెట్టండి. నేర్చుకోవాల్సినవన్నీ ఆ పని చుట్టూనే నేర్చుకోండి. ఆ తర్వాత చెన్నై వెళ్లాలా, బెంగళూరు వెళ్లాలా, ఇక్కడే ఉండిపోవాలా అన్నది మీ ఇష్టం.

రోజుకు మూడు గంటలు నిజంగా కూర్చోగలిగితే ఇది ఎనిమిది నుంచి పది నెలల పని. "మూడు నెలల్లో ఫుల్ స్టాక్" అని ట్రంక్ రోడ్డులో ఫ్లెక్సీ కనిపిస్తే చదివి ముందుకు వెళ్లిపోండి.

1. ఏ పని నేర్చుకుంటున్నారో తేల్చుకోండి

పేజీ ఎలా కనిపించాలో, ఏ బటన్ ఎక్కడ ఉండాలో ఫిగ్మా అనే డిజైన్ టూల్‌లో గీసేవాళ్లు డిజైనర్లు. ఆ బొమ్మను బ్రౌజర్‌లో నడిచే పేజీగా మార్చేది ఫ్రంట్ ఎండ్ పని. ఆర్డర్లు, పాస్‌వర్డ్‌లు, లెక్కలు దాచిపెట్టి అడిగినప్పుడు తీసిచ్చేది బ్యాక్ ఎండ్. ఈ రెండూ చేసేవాళ్లను ఫుల్ స్టాక్ అంటారు.

ఎవరు అడిగినా నేను ఫ్రంట్ ఎండ్‌తో మొదలుపెట్టమంటాను. చేసింది చేసినట్టు కంటికి కనిపిస్తుంది, ఇంట్లో వాళ్లకు కూడా చూపించవచ్చు. మొదటి రెండు నెలలు నిలబడటానికి ఆ మాత్రం ఉత్సాహం కావాలి. బీటెక్ కాదు, బీకామ్ చదివాను అని బెంగ పెట్టుకోవద్దు. క్యాంపస్‌కి వచ్చే పెద్ద కంపెనీలు బ్రాంచి అడుగుతాయి, మార్కులు అడుగుతాయి. చిన్న కంపెనీలు చాలావరకు పని చూపించమంటాయి. లెక్కలంటారా, ఫ్రంట్ ఎండ్‌కి శాతాలు, మామూలు కూడికలు, తీసివేతలు వస్తే గడుస్తుంది.

2. సరంజామా

ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే చాలు. సెకండ్ హ్యాండ్‌దైనా ఫర్వాలేదు, తర్వాత ర్యామ్ పెంచుకునే వీలుందో లేదో మాత్రం కొనేముందు అడగండి. ఫోన్‌లోనే నేర్చేసుకుంటామంటే కుదరదు. కానీ చేసిన ప్రతి పేజీనీ ఫోన్‌లో చూడాలి, అందుకు మాత్రం ఇంట్లో ఉన్న పాత ఫోనే మేలు. మన దగ్గర సైటు చూసేవాళ్లలో ఎక్కువ మంది చేతిలో ఉండేది అలాంటిదే.

కోడ్ రాసుకునే విజువల్ స్టూడియో కోడ్, బ్రౌజర్లు క్రోమ్, ఫైర్‌ఫాక్స్, మూడూ ఉచితమే. తెలుగు టైపింగ్‌కి విండోస్‌లోనే ఫొనెటిక్ కీబోర్డు ఉంది, సెట్టింగ్స్‌లోకి వెళ్లి పెట్టుకోండి. ఇంతకు మించి ఈ దశలో ఏమీ కొనక్కర్లేదు.

3. హెచ్‌టీఎంఎల్: మలై కాజా కొట్టుతో మొదలు

పేజీలో ఏది హెడింగో, ఏది పేరానో, ఏది లింకో బ్రౌజర్‌కు చెప్పే గుర్తుల భాష హెచ్‌టీఎంఎల్. భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్‌లో పనిచేస్తూ టిమ్ బెర్నర్స్-లీ 1991లో ప్రపంచం ముందు పెట్టిన మొదటి వెబ్‌సైట్ ప్రతిని సెర్న్ వాళ్లు మళ్లీ నెట్‌లో ఉంచారు. ఇవాళ్టి ఫోన్‌లో తెరిచినా అది చక్కగా తెరుచుకుంటుంది. ఫ్రేమ్‌వర్క్‌లు, అంటే ముందే కట్టిపెట్టిన కోడ్ చట్రాలు, వస్తుంటాయి, పోతుంటాయి. హెచ్‌టీఎంఎల్ మాత్రం పాతబడదు. అందుకే దీన్ని రెండు రోజుల్లో తేల్చేయకుండా మూడు వారాలు ఇవ్వండి.

పుస్తకంలోని ఉదాహరణలు వద్దు. మీ వీధి చివర స్వీటు షాపుకు ఒక పేజీ రాయండి. షాపు పేరు పెద్ద హెడింగ్. మలై కాజా, పూతరేకులు, మిక్చర్ రేట్లు ఒక టేబుల్‌లో. కిలో, అరకిలో, పావుకిలో మూడు కాలమ్‌లు. షాపు ఫొటో, దానికి ఆల్ట్ అనే చోట "షాపు ముందు భాగం" అని వర్ణన, చూపు లేనివాళ్లకు స్క్రీన్ రీడర్ చదివి వినిపించేది అదే. ఫోన్ నంబర్‌ను ఉత్తి అంకెలుగా వదిలేయకుండా టెల్ లింకుగా రాయండి, నొక్కగానే కాల్ వెళ్తుంది. కింద ఆర్డర్ ఫారం, ప్రతి పెట్టెకూ ఒక లేబుల్.

పేజీ కోడ్‌లో పైన ఉండే హెడ్ భాగంలో రెండు లైన్లు మర్చిపోకూడదు. ఒకటి, అక్షరాలను దాచిన పద్ధతి యూటీఎఫ్-8 అని చెప్పేది, అది లేకపోతే తెలుగు పిచ్చి గుర్తులుగా మారే ప్రమాదం ఉంది. రెండోది వ్యూపోర్ట్ లైను. అది లేకపోతే ఫోను మీ పేజీని కంప్యూటర్ కోసం రాసిందనుకుని, దాదాపు 980 పిక్సెళ్ల వెడల్పున పరిచి, తర్వాత మొత్తాన్ని తెరకు సరిపడా కుదించేస్తుంది. కాజా రేటు చీమంత కనిపిస్తుంది. అన్నీ సరిగ్గానే రాశాను కదా అని గంటలకొద్దీ తల పట్టుకునేవాళ్లలో చాలామందికి లేనిది ఈ ఒక్క లైనే.

4. సీఎస్ఎస్, అందులోనూ తెలుగు

పేజీ రంగులు, సైజులు, అమరిక చూసుకునేది సీఎస్ఎస్. ముందు బాక్స్ మోడల్ అర్థం కావాలి, అంటే బయటి జాగా మార్జిన్, అంచు బోర్డర్, లోపలి జాగా ప్యాడింగ్ ఏది ఎక్కడ ఉంటుందో. తర్వాత పెట్టెలను వరుసలో సర్దే ఫ్లెక్స్‌బాక్స్, ఆపైన గళ్లలో సర్దే గ్రిడ్, చివరికి తెర వెడల్పును బట్టి రూపు మార్చే మీడియా క్వెరీలు. ఇదే వరుసలో వెళ్లండి. డిజైన్ ఎప్పుడూ 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్ తెరకు మొదలుపెట్టి, తర్వాత పెద్ద తెరలకు పెంచుకుంటూ పోవాలి. డిజైన్ మీద కన్ను కుదరాలంటే మీకు నచ్చిన సైటు ఒకటి తీసుకుని, ఖాళీ జాగాలతో సహా ఫిగ్మాలో అచ్చుగుద్దినట్టు గీయండి. వారానికి ఒకటి చాలు.

ఇక తెలుగు సంగతి. ఈ విషయంలో ఇంగ్లిష్ పాఠాలు అక్కరకు రావు, అమీర్‌పేటలోనూ ఎవరూ చెప్పరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

"కృష్ణపట్నం" అనే మాట ఒక బటన్ మీద పెట్టి చూడండి. ఇంగ్లిష్ పాఠం చూసి లైన్ హైట్ (లైనుకు ఇచ్చే ఎత్తు) 1.2 అని, బటన్ ఎత్తు కచ్చితంగా ఇన్ని పిక్సెళ్లని రాసి ఉంటే, క కింద వట్రుసుడి, ష కింద ణ వత్తు, ట కింద న వత్తు కోసుకుపోవడమో, కింది లైను మీద ఎక్కడమో జరుగుతుంది. తెలుగు అక్షరానికి పైన గుణింతం, కింద వత్తు ఉంటాయి కాబట్టి నిలువు జాగా ఎక్కువ కావాలి. పేరాలకు లైన్ హైట్ 1.6 నుంచి 1.8 దాకా ఉంచండి. బటన్లకు ఎత్తు నిర్ణయించకుండా ప్యాడింగ్ ఇచ్చి వదిలేయండి, అక్షరాన్ని బట్టి అదే సర్దుకుంటుంది.

ఫాంటు ఎంచుకునేటప్పుడు ఎన్ని మందాలున్నాయో చూడండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, మల్లన్న, ఎన్టీఆర్ వంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. వీటిలో మండలికి ఉన్నది ఒకే మందం. దానికి బోల్డ్ అడిగితే బ్రౌజర్ తనకు తానే అక్షరాన్ని లావు చేసి చూపిస్తుంది, సున్నాలు పూడుకుపోయి మసకగా ఉంటుంది. నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు ఫాంట్లకు సన్నం నుంచి లావు దాకా చాలా మందాలున్నాయి, పేజీ మొత్తానికి అవి నయం. హెడింగ్ ఒక్కదానికీ రామభద్ర వాడుకోండి, బోర్డు రాసినట్టు నిండుగా ఉంటుంది. ఇటాలిక్ జోలికి వెళ్లొద్దు. తెలుగులో ఆ అలవాటు లేదు, బ్రౌజర్ అక్షరాన్ని ఊరికే పక్కకు వంచేస్తుంది.

ఇంకో తలనొప్పి డీటీపీ సెంటర్ నుంచి వస్తుంది. షాపాయన తన పాంప్లెట్ వేయించిన చోట నుంచి ఫైలు తెచ్చి "ఇందులో అంతా ఉంది, కాపీ చేసుకో" అంటాడు. కాపీ చేసి పేజీలో పెడితే ఇంగ్లిష్ అక్షరాలూ గీతలూ కలగలిసిన చెత్త వస్తుంది. కారణం, ఆ ఫైలు అను ఫాంట్లలో ఉంటుంది. వాటిలో అక్షరం తెలుగులో కనిపిస్తుందే గానీ లోపల దాచేది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) తెలుగు కాదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాడండి. కానీ వత్తుల దగ్గర తప్పులు పడతాయి కనుక మార్చాక ఒకసారి పైకి చదవండి. నాలుగు పేరాలే అయితే కొత్తగా టైపు చేయడమే తొందరగా అవుతుంది. అసలు తెలుగును బొమ్మగా చేసి పెట్టేస్తే పోలా అంటారు కొందరు. పెట్టకండి. బొమ్మలో రాతలు స్క్రీన్ రీడర్‌కు వినపడవు, గూగుల్ వెతుకులాటకూ సరిగా అందవు.

ఫొటోల బరువు కూడా ఈ దశలోనే నేర్చుకోవాలి. ఫోన్‌లో తీసిన ఫొటో నాలుగైదు ఎంబీ ఉంటుంది. దాన్ని వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో ఫార్మాట్‌లోకి మార్చి వెడల్పు తగ్గిస్తే వంద, నూట యాభై కేబీకి దిగుతుంది, తేడా కంటికి తెలియదు. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలని గూగుల్ కొలత. క్రోమ్‌లోనే ఉండే లైట్‌హౌస్‌తో మీ పేజీని కొలిచి చూడండి. అక్షరానికీ వెనక రంగుకూ కాంట్రాస్ట్ 4.5కి 1 అయినా ఉందో లేదో కూడా అదే చెబుతుంది. పసుపు మీద తెల్ల అక్షరాలు మన ఫ్లెక్సీలకు అలవాటే, సైటులో మాత్రం వద్దు.

5. జావాస్క్రిప్ట్: చాలామంది చేతులెత్తేసే చోటు

పేజీ చేత లెక్కలు చేయించేది, నొక్కితే స్పందించేలా చేసేది జావాస్క్రిప్ట్. 1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో మొదటి రూపం తయారు చేసిన భాష ఇది. ఆ తొందర గుర్తులు అక్కడక్కడా ఇప్పటికీ తగులుతాయి. దీనికి నాలుగు నెలలు పక్కన పెట్టండి. వేరియబుల్స్, షరతులు, లూపులు, ఫంక్షన్లు, అర్రేలు, ఆబ్జెక్టులు, తర్వాత పేజీని మార్చే డామ్, క్లిక్కుల వంటి ఈవెంట్లు, ఆఖరున సర్వర్ నుంచి డేటా తెచ్చే ఫెచ్, ప్రామిస్‌లు.

సాధనకు క్యాలిక్యులేటర్ చేయమని అన్ని కోర్సులూ చెబుతాయి. మీరు పుట్టి క్యాలిక్యులేటర్ చేయండి. నెల్లూరు జిల్లాలో రైతు ధాన్యాన్ని పుట్లలో మాట్లాడతాడు, పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వం మద్దతు ధర చెప్పేది క్వింటాల్ లెక్కన. 2025-26 ఖరీఫ్‌కు గ్రేడ్-ఏ ధాన్యం మద్దతు ధర 2,389 రూపాయలు. దాన్ని 8.5తో గుణిస్తే పుట్టికి 20,306 రూపాయల 50 పైసలు. వ్యాపారి పుట్టి 18,500 అన్నాడనుకోండి, మద్దతు ధర కంటే 1,806 రూపాయల 50 పైసలు తక్కువ అని పేజీ చెప్పాలి. ఇంత చిన్న పేజీ కూడా కళ్లం దగ్గర నిలబడ్డ రైతుకు పనికొస్తుంది.

ఇప్పుడు దానికి ఇంకో పెట్టె చేర్చండి. తేమ పేరుతో తరుగు కింద పుట్టికి అదనంగా ఎన్ని కిలోలు అడిగారో అందులో రాయాలి. పుట్టి బరువు పెట్టెలో 850, తరుగు పెట్టెలో 50 కొట్టి రెండూ కలపమంటే 900 రావాలి కదా. 85050 వస్తుంది! పెట్టెలో కొట్టింది అంకెలే అయినా జావాస్క్రిప్ట్‌కు అందేది మాట, అంటే స్ట్రింగ్. రెండు మాటల మధ్య ప్లస్ గుర్తు పెడితే అతికించేస్తుంది. నంబర్‌గా మార్చి కలపాలి. పెట్టెలో అంకెల బదులు అక్షరాలు పడితే? నాన్ అని వస్తుంది, నంబర్ కాదని అర్థం. రైతుకు ఆ ముక్క చూపించకుండా "బరువు అంకెల్లో రాయండి" అని చెప్పించాలి. ఖాళీగా వదిలేస్తే ఇంకా చిత్రం, ఖాళీ మాటను నంబర్‌గా మారిస్తే సున్నా వస్తుంది. కాబట్టి ఖాళీ పెట్టెను విడిగా పట్టుకోవాలి. ఈ నాలుగు మెలికలూ మీ చేత్తో విప్పితే, ఇంటర్వ్యూలో డేటా టైపుల ప్రశ్నకు బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

తెలుగు ఇక్కడా ఒక మెలిక పెడుతుంది. "శ్రీ" పొడవెంత అని జావాస్క్రిప్ట్‌ను అడిగితే 4 అంటుంది. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం విడివిడిగా లెక్కపెట్టడం వల్ల అలా వస్తుంది. పేరును పది అక్షరాల దగ్గర కత్తిరించమని రాస్తే ఎక్కడో పొల్లు దగ్గర తెగి వికారంగా మిగులుతుంది. కత్తిరించే పని సీఎస్ఎస్‌కే వదిలేయండి.

ఒంగోలు వైపు వాళ్లు పుట్టి బదులు చీమకుర్తి గ్రానైట్ స్లాబులకు చదరపు అడుగుల లెక్క చేయవచ్చు. రొయ్యల చెరువులున్న ఇంటివాళ్లయితే కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలో), టన్నేజీ, రేటు పెట్టి పట్టుబడి లెక్క. ఏదైనా సరే, మీ ఇంట్లో ఎవరో ఒకరు "ఈ లెక్క తప్పు" అని చెప్పగలిగేదిగా ఉండాలి.

ఏఐ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చాట్‌జీపీటీని అడిగితే పుట్టి క్యాలిక్యులేటర్ నిమిషంలో రాసిస్తుంది. నేర్చుకునే నెలల్లో రాయించుకోకండి, రాసిన తర్వాత "ఇక్కడ 85050 ఎందుకొచ్చింది" అని అడగండి. ఉద్యోగంలో ఎలాగూ అందరూ వాడతారు. అది ఇచ్చిన కోడ్‌లో తప్పు పట్టగలిగేవాడికే అక్కడ జీతం.

6. గిట్, ఆపై లైవ్

కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్‌ను 2005లో లైనస్ టోర్వాల్డ్స్ తయారు చేశారు. యాడ్, కమిట్, పుష్, బ్రాంచ్, మెర్జ్ వస్తే మొదటి ఏడాది గడిచిపోతుంది. ఆ కోడ్‌ను నెట్‌లో దాచుకునే గిట్‌హబ్‌లో ఖాతా తెరిచి, గిట్‌హబ్ పేజెస్‌తో మీ పేజీని ఉచితంగా నెట్‌లో పెట్టండి. పుట్టి పేజీ లింకును వాట్సాప్‌లో పదిమందికి పంపండి. ఎవరి ఫోన్‌లో ఏం విరిగిందో ఆ సాయంత్రానికే తెలుస్తుంది. పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు (వేరే సర్వీసులు వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్‌లు) మాత్రం పొరపాటున కూడా గిట్‌హబ్‌లోకి పోకూడదు. తర్వాత తీసేసినా పాత కమిట్‌లో ఉండిపోతాయి.

7. రియాక్టా, వర్డ్‌ప్రెస్సా?

ఉద్యోగం కోసమైతే రియాక్ట్. 2013లో ఫేస్‌బుక్ బయటపెట్టిన ఈ జావాస్క్రిప్ట్ లైబ్రరీ చెన్నై, బెంగళూరు ప్రకటనల్లో తరచూ కనిపిస్తుంది. దాంతోపాటు బ్యాక్ ఎండ్‌కు నోడ్, ఎక్స్‌ప్రెస్, ఒక ఎస్‌క్యూఎల్ డేటాబేస్. జావాస్క్రిప్ట్ గట్టిపడకుండా రియాక్ట్‌లో దూకితే ఏ తప్పు ఎవరిదో తెలియక టెన్షన్ పడతారు.

ఇక్కడే ఉండి షాపులకు, స్కూళ్లకు, కల్యాణమండపాలకు సైట్లు చేయాలంటే, పెద్దగా కోడ్ రాయకుండా సైటు కట్టే వర్డ్‌ప్రెస్. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీదే నడుస్తున్నాయి. కస్టమర్ తన రేట్లు తనే మార్చుకోగలడు, మిమ్మల్ని రాత్రి పదింటికి లేపడు. వర్డ్‌ప్రెస్ రాసిన భాష పీహెచ్‌పీ కొద్దిగా రావాలి, అప్‌డేట్లు, బ్యాకప్‌లు క్రమంగా చేయాలి. దొంగ థీములు, క్రాక్ చేసిన ప్లగిన్లు పెడితే సైటులోకి మాల్వేర్‌ను మీరే పిలిచినట్టు.

ఏది ఎంచుకున్నా పాస్‌వర్డ్‌ను హ్యాష్ చేసి (వెనక్కి చదవలేని రూపంలోకి మార్చి) దాచడం, ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (పెట్టెలో కోడ్ కొట్టి డేటాబేస్‌ను లాగేయడం) జరగకుండా క్వెరీ రాయడం నేర్చుకోకుండా లాగిన్ పేజీ చేయకండి.

8. ఎక్కడ నేర్చుకోవాలి

ఎండీఎన్, ఫ్రీకోడ్‌క్యాంప్, ది ఓడిన్ ప్రాజెక్ట్ అనే సైట్లు మూడూ ఉచితం. ఎండీఎన్‌ను నిఘంటువులా దగ్గర పెట్టుకోండి, ఓడిన్ ప్రాజెక్ట్‌ను వరుసగా చేయండి. ఇంగ్లిష్ ఇబ్బందిగా ఉంటే ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్‌లో కొన్ని కోర్సులు తెలుగులో కూడా ఉన్నాయి. యూట్యూబ్‌లో తెలుగు పాఠాలు బోలెడు. ఒక్కరిని పట్టుకుని చివరిదాకా వెళ్లండి, వీడియో ఆపి మీరు రాసి ఆ తర్వాతే ముందుకు నడపండి.

ఇంట్లో కూర్చుంటే చదువు సాగదనిపిస్తే ఇన్‌స్టిట్యూట్‌లో చేరండి, తప్పేం లేదు. చేరేముందు ఒక్కటే అడగండి: "పోయిన బ్యాచ్ వాళ్లు చేసిన సైట్లు రెండు చూపించండి." బ్రోచర్ చూపిస్తే లేచి వచ్చేయండి. "జాబ్ గ్యారంటీ, ముందు డిపాజిట్ కట్టాలి" అన్నా, బ్యాక్‌డోర్ అన్నా, లేని ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామన్నా దగ్గరికి పోకండి. పీఎఫ్ ఖాతా చరిత్ర చూస్తే ఎక్కడ పనిచేశారో, ఎక్కడ చేయలేదో బయటపడుతుంది, చేరిన ఉద్యోగం కూడా పోతుంది.

9. మొదటి కస్టమర్

మొదటి పని దాదాపు ఎప్పుడూ చుట్టాల ద్వారానే వస్తుంది. మేనమామ స్నేహితుడి ఫర్నిచర్ షాపో, ఉదయగిరి చెక్క గరిటెలు అమ్మే ఆయనో. మాట ఇలా మొదలవుతుంది:

"నా పేరు, షాపు ఫొటో పెద్దగా పెట్టబ్బాయా, అంతే."
"పెడతానన్నా. మీకు ఫోన్ చేసేవాళ్లు ముందుగా ఏం అడుగుతారు?"
"రేటెంత, డెలివరీ ఉందా అని."
"అయితే పైన ఆ రెండూ పెడదాం. మీ ఫొటో వాటి కింద."

ఈ ప్రశ్న ఒక్కటి అడిగితే సైటు సగం తయారైనట్టే. తర్వాత ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు మార్పులు ఉచితం, ఫొటోలు ఎవరు ఇవ్వాలి, ఏ తేదీకి అవ్వాలి అనేవి వాట్సాప్‌లోనైనా రాసి "సరే" అనిపించుకోండి. సగం డబ్బు ముందు తీసుకోండి. చుట్టమైతే తగ్గించండి గానీ ఉచితంగా చేయకండి, ఉచితపు పనికి ఫొటోలు ఎప్పటికీ రావు. డొమైన్, అంటే సైటు పేరు, మాత్రం షాపాయన పేరు మీదే, ఆయన ఈమెయిల్‌తోనే కొనిపించండి. డాట్ ఇన్ పేరు ఏడాదికి వందల రూపాయల్లోనే వస్తుంది. అయితే మొదటి ఏడాది ఆఫర్ రేటు చూసి మురిసిపోకుండా రెన్యువల్ ఎంతో ముందే చెప్పండి. పేరు మీ చేతిలో పెట్టుకుని కస్టమర్‌ను కట్టిపడేసేవాళ్లు ఉన్నారు. చిన్న ఊళ్లో ఆ మాట తొందరగా పాకుతుంది, రెండో పని రాదు.

10. ఉద్యోగం వేట

రెజ్యూమె ఒక పేజీ. పైన మూడు లింకులు: కస్టమర్‌కు చేసిన సైటు, పుట్టి క్యాలిక్యులేటర్, రియాక్ట్‌లో చేసిన ఒక పెద్ద పని. ఒక్కోదాని కింద రెండేసి లైన్లు, ఏం ఇబ్బంది వచ్చింది, ఎలా విప్పారు. అందరూ పెట్టే టుడూ లిస్టు, నెట్‌ఫ్లిక్స్ క్లోన్ పెట్టకండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు వాటిని ఇప్పటికే ఎన్నో చూసి ఉంటారు. "పుట్టి అంటే ఏంటి?" అని అడిగారంటే మాట మీ చేతికి వచ్చినట్టే.

లెట్‌కీ వార్‌కీ తేడా, క్లోజర్, ఈవెంట్ బబ్లింగ్, డివ్‌ను మధ్యలో పెట్టడం, రియాక్ట్‌లో స్టేట్ ఎప్పుడు మారుతుంది వంటివి తరచూ వస్తాయి. చూడకుండా, మాట్లాడుతూ కోడ్ రాయడం సాధన చేయండి. మన ఇబ్బంది కోడ్ కన్నా ఇంగ్లిష్‌లో వివరించడంలోనే ఎక్కువ. రోజూ చేసిన పనిని రెండు నిమిషాలు ఇంగ్లిష్‌లో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. తప్పులున్నా ఫర్వాలేదు, ఆగిపోకుండా చెప్పగలగాలి.

చెన్నైలో ఇంటర్వ్యూ అయితే ఒంగోలు, నెల్లూరు రెండు స్టేషన్లలోనూ పినాకిని ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది. కానీ అది చెన్నై చేరే వేళను బట్టి పొద్దున ఇంటర్వ్యూకు ముందురోజే బయల్దేరడం నయం. ల్యాప్‌టాప్‌లో మీ మూడు పనులూ నెట్ లేకుండా నడిచేలా పెట్టుకుని, ఛార్జర్ బ్యాగులో వేసుకుని వెళ్లండి. వాళ్ల ఆఫీసు వైఫై మీకు ఇస్తారన్న నమ్మకం లేదు.